కివీ మంచిదే, మరి మన జామ సంగతేమిటి?

వానాకాలం వచ్చి జ్వరాలు మొదలయ్యాయంటే చాలు, ఏ పట్టణంలోనైనా ఆసుపత్రుల వీధిలో పండ్ల బండ్ల మీద కివీ ముందు వరుసలోకి వచ్చేస్తుంది. చిన్న ప్లాస్టిక్ డబ్బాలో మూడేసి కాయలు. డెంగ్యూ వచ్చిన ఇంటివాళ్లు ధర చూడరు, చూసినా బేరమాడరు. ప్లేట్‌లెట్లు పెరగాలంటే ఇదే తినిపించాలని అప్పటికే ఎవరో ఒకరు చెప్పి ఉంటారు.

ఆ కొనేవాళ్లలో మన రైతులూ ఉన్నారు. తెల్లవారుజామున జామకాయల ట్రేలు మార్కెట్ యార్డులో దించి, కమీషనూ తరుగూ హమాలీ పోగా చేతికొచ్చిన డబ్బుతో మనవరాలి కోసం కివీ డబ్బా కొన్న ఒక పెద్దాయన మన సంఘం సభ్యుడే. "ఒక ట్రే కాయ అమ్మిన డబ్బు మూడు కాయలకు సరిపోయిందయ్యా" అని ఆయన మా దగ్గర అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. ఆశ్చర్యం మాత్రం ఉంది. ఆ ఆశ్చర్యానికి సమాధానం వెతకాలనే ఈ నెల సంపాదకీయాన్ని ఒక పండు గురించి రాస్తున్నాం.

కివీని తిట్టడం మా ఉద్దేశం కాదు. ఎక్కడో ఒక రైతు పండించిన పంట అది. మన ముందున్న ప్రశ్నలు మూడు. కివీలో నిజంగా ఏముంది? మన తోటల్లో ఉన్నదానిలో ఏముంది? ఒకదానికి అంత ధర, ఇంకోదానికి కోత కూలి కూడా రాని రోజులు ఎందుకు?

కివీలో ఉన్నదేమిటి?

ముందుగా మంచి మాటే చెప్పుకుందాం. కివీ నిజంగా బలమైన పండు. వంద గ్రాముల ఆకుపచ్చ కివీలో సుమారు 90 మిల్లీగ్రాముల విటమిన్ సి ఉంటుంది. మన దేశ లెక్కల ప్రకారం పెద్దవాళ్లలో మగవారికి రోజుకు 80, ఆడవారికి 65 మిల్లీగ్రాముల విటమిన్ సి కావాలి. అంటే ఒక మోస్తరు కాయ ఒక్కటి తిన్నా ఆడవారికి ఆ రోజు అవసరం దాదాపు తీరిపోతుంది. లోపల పసుపు రంగులో ఉండే రకంలో విటమిన్ సి ఇంకా ఎక్కువ. పీచు వంద గ్రాములకు మూడు గ్రాముల దాకా ఉంటుంది. పొటాషియం, ఫోలేట్, విటమిన్ కె కూడా ఉన్నాయి. మాంసకృత్తులను అరిగించడానికి తోడ్పడే యాక్టినిడిన్ అనే ఎంజైము పచ్చి కివీలో ఉంటుంది.

మలబద్ధకానికి కివీ మేలు చేస్తుందన్న మాటకు మంచి ఆధారమే ఉంది. న్యూజిలాండ్, ఇటలీ, జపాన్ దేశాల్లో కలిపి చేసిన ఒక పరిశోధన 2023లో వెలువడింది. రోజుకు రెండు ఆకుపచ్చ కివీలు నాలుగు వారాల పాటు తిన్నవారిలో విరేచనం సాఫీగా జరిగిందని, కడుపులో ఇబ్బంది తగ్గిందని అందులో తేలింది. మనం ఇసబ్గోల్ అని వాడే పొట్టుతో పోల్చి చూసి మరీ ఈ మాట చెప్పారు.

కివీ అందరికీ పడదు కూడా. కొందరికి తిన్న వెంటనే నోరు, గొంతు దురద పెడతాయి. పెదాలు వాస్తే మళ్లీ దాని జోలికి పోకూడదు. కిడ్నీ జబ్బుతో పొటాషియం తగ్గించుకోవాలని డాక్టరు చెప్పినవాళ్లు కివీ అయినా జామ అయినా అడిగాకే తినాలి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు విటమిన్ కె ఉన్నవాటిని ఒక్కసారిగా ఎక్కువ చేయకూడదు.

ఇక ప్లేట్‌లెట్ల సంగతి. కివీ తినిపిస్తే డెంగ్యూలో ప్లేట్‌లెట్లు పెరుగుతాయనడానికి గట్టి రుజువు లేదు. డెంగ్యూలో తగ్గిన ప్లేట్‌లెట్లు చాలామందిలో జబ్బు తగ్గుముఖం పట్టాక వాటంతట అవే పెరుగుతాయి. అదే సమయంలో కివీ తినిపిస్తూ ఉంటే ఆ పేరు కివీకి దక్కుతుంది. డెంగ్యూ రోగికి ముఖ్యంగా కావలసింది నీళ్లు, గంజి, మజ్జిగ, ఓఆర్ఎస్ వంటి ద్రవాలు, విశ్రాంతి, డాక్టరు పర్యవేక్షణ. జ్వరానికి పారాసిటమాల్ తప్ప ఇతర నొప్పి బిళ్లలు సొంతంగా వేయకూడదు. జ్వరం తగ్గిందని ఊరట పడే రోజుల్లోనే ప్రమాదం పొంచి ఉంటుంది. కడుపులో తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం, మగత కనిపిస్తే క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. జ్వరం వచ్చిన బిడ్డకు పండు పెట్టండి, తప్పు లేదు. కానీ కివీ కోసం అప్పు చేయకండి. ఆ డబ్బు ఆటో ఖర్చుకో రక్త పరీక్షకో పనికొస్తుంది.

మన పెరట్లో ఉన్నదేమిటి?

మన రాష్ట్రాలవాళ్లు ఈ లెక్కలు చూసుకోవడానికి పరాయి దేశం వెళ్లనవసరం లేదు. దేశంలో ఏ ఆహారంలో ఏముందో తేల్చి చెప్పే జాతీయ పోషకాహార సంస్థ మన హైదరాబాద్‌లోనే, తార్నాకలో ఉంది. 2017లో ఆ సంస్థ వెలువరించిన ఆహార పట్టికల ప్రకారం వంద గ్రాముల జామలో విటమిన్ సి 200 మిల్లీగ్రాముల పైనే ఉంది. తెల్ల జామ, ఎర్ర జామ రెండింటిలోనూ అంతే. అంటే కివీలో ఉన్నదానికి రెండు రెట్ల పైమాటే. పీచులోనూ, పొటాషియంలోనూ కూడా కివీ కంటే జామే మిన్న. ఉసిరికాయ విటమిన్ సిలో జామకు తీసిపోదు. బొప్పాయిలో విటమిన్ సి తక్కువైనా, కంటికి మేలు చేసే కెరోటిన్లు ఉన్నాయి.

ఇది విదేశీ పండుకూ స్వదేశీ పండుకూ మధ్య పోటీ అని ఎవరూ అనుకోవద్దు. జామ కూడా ఒకప్పుడు సముద్రం దాటి వచ్చినదే. దాని పుట్టిల్లు అమెరికా ఖండంలోని ఉష్ణ ప్రాంతాలు. పోర్చుగీసుల కాలంలో మన దేశానికి వచ్చి, మన మట్టికి అలవాటుపడి, పెరటి చెట్టయింది. మేం అడిగేది ఒక్కటే. గుణంలో తక్కువ కానిది ధరలో, గౌరవంలో ఎందుకు తక్కువ కావాలి?

ఈ ప్రశ్న పండ్ల వ్యాపారంతోనే ముగిసేది కాదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవారిలో రక్తహీనత ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. నాట్లు వేసే తల్లులు, కలుపు తీసే చెల్లెళ్లు, పత్తి ఏరే కోడళ్లు ఈ లెక్కలోనే ఉన్నారు. రక్తహీనతకు కారణాలు చాలా ఉన్నాయి. వాటిలో ఒక పెద్ద కారణం తిండిలోని ఇనుము ఒంటికి పట్టకపోవడం. పప్పులు, ఆకుకూరలు, రాగుల ద్వారా వచ్చే ఇనుము అంత తేలిగ్గా ఒంటికి పట్టదు. అదే భోజనంతో పాటు విటమిన్ సి ఉన్న పండు తింటే బాగా పడుతుంది. భోజనం అయిన వెంటనే తాగే టీ దీన్ని చెడగొడుతుంది. అన్నం తిన్నాక ఒక జామకాయ తిని, టీని గంటసేపు వెనక్కి నెట్టడం ఏ ఇంట్లోనైనా రేపటి నుంచే చేయగల పని. ఇది ఐరన్ మాత్రలకు బదులు కాదు, వాటికి తోడు.

జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల ప్రకారం మనిషికి రోజుకు వంద గ్రాముల పండ్లు కావాలి. ఒక మోస్తరు జామకాయ బరువు అంతే ఉంటుంది. ఎకరాల్లో పండ్లు పండించే కుటుంబాల్లో ఆ ఒక్క కాయ రోజూ పిల్లల చేతికి అందుతోందా? గ్రేడింగులో తీసేసిన కాయ తప్ప మంచి కాయ ఇంట్లోకి రావడం లేదన్నది మనందరికీ తెలిసిన నిజం.

కివీకి ఆ పేరు ఎలా వచ్చింది?

కివీ కథ రైతు సంఘాల వాళ్లు తప్పక తెలుసుకోవలసిన కథ. దాని పుట్టిల్లు చైనా. 1904లో ఇసబెల్ ఫ్రేజర్ అనే ప్రధానోపాధ్యాయురాలు చైనా నుంచి కొన్ని విత్తనాలు న్యూజిలాండ్‌కు తెచ్చారు. 1910 నాటికి అక్కడ తొలి కాపు వచ్చింది. ఆ తర్వాత హేవర్డ్ రైట్ అనే నర్సరీ యజమాని ఎంపిక చేసిన రకం ఆయన పేరుతోనే ప్రపంచమంతా పాకింది. అప్పట్లో దాన్ని 'చైనీస్ గూస్‌బెర్రీ' అనేవాళ్లు. అమెరికాలో అమ్మడానికి ఆ పేరు అడ్డొస్తుందని 1959లో ఎగుమతిదారులు తమ దేశపు పక్షి పేరు దానికి పెట్టారు. అలా అది కివీ అయింది.

పేరు మారగానే రైతు బతుకు మారలేదు. 1980 దశకంలో న్యూజిలాండ్‌లో తోటలు విపరీతంగా పెరిగాయి. ఎగుమతిదారులు ఒకరితో ఒకరు పోటీపడి ధర దించుకున్నారు. దశకం చివరికి ధరలు పడిపోయి రైతులు అప్పుల్లో కూరుకుపోయారు. ఇది మనకు తెలియని కథా? మిరపలో, టమాటాలో, బత్తాయిలో ఎన్నిసార్లు చూశాం!

తేడా వాళ్లు ఆ తర్వాత చేసిన పనిలో ఉంది. ఎవరికి వారు అమ్ముకుంటే అందరం మునుగుతామని గ్రహించి, అందరి పండూ ఒకే సంస్థ ద్వారా బయటి దేశాలకు వెళ్లాలని పట్టుబట్టారు. అలా 1988లో కివీ మార్కెటింగ్ బోర్డు వచ్చింది. 1997లో దాని అమ్మకాలకు 'జెస్ప్రి' అన్న బ్రాండు పెట్టారు. ఇవాళ ఆ సంస్థ వాటాలు రైతుల చేతుల్లోనే ఉన్నాయి. ఆస్ట్రేలియాకు తప్ప మిగతా దేశాలకు న్యూజిలాండ్ కివీ దాదాపుగా దాని ద్వారానే వెళుతుంది. చట్టం కూడా అందుకు అండగా ఉంది. కాయ సైజు, తీపి, నాణ్యత చూసి ధర కడతారు. కొత్త రకాల మీద, పండులోని పోషకాల మీద పరిశోధనలకు ఆ సంస్థ డబ్బు పెడుతుంది. పైన చెప్పిన మలబద్ధకం పరిశోధన వెనుక కూడా ఆ డబ్బు ఉంది. ఆ సంగతి గుర్తుపెట్టుకునే ఆ ఫలితాలను చదవాలి. అయితే మనం నేర్చుకోవలసినదీ అక్కడే ఉంది. తమ పండులో ఏముందో రైతులే లెక్కగట్టించి, కొనేవాడి చెవిలో పడేదాకా చెప్పించారు.

జామలో కివీకి రెండింతల విటమిన్ సి ఉందన్న మాట మన పట్టికల్లో అచ్చయి ఉంది. అది ఆసుపత్రి వీధి దాకా నడిచి రాలేదు, ఎందుకంటే దాన్ని నడిపించే సంస్థ మనకు లేదు.

ఇంకో నిజం కూడా ఒప్పుకుందాం. కోసిన కివీని సున్నా డిగ్రీల దగ్గర శీతల గిడ్డంగిలో పెడితే నెలల తరబడి నిలుస్తుంది. మన జామ పక్వానికి వచ్చాక మామూలు వాతావరణంలో నాలుగైదు రోజులు నిలవడమే కష్టం. ఆ తొందరే వ్యాపారికి బలం, మనకు బలహీనత. సాయంత్రానికి అమ్ముడుపోకపోతే పారబోయాల్సిన సరుకు తెచ్చినవాడు ధర అడగలేడు. పైగా తైవాన్ జామ మీద ఆశతో ఒక్కో మండలంలో వందల ఎకరాలు ఒకేసారి వేశాం, ఒకే నెలలో కొమ్మలు కత్తిరిస్తున్నాం. కాయంతా ఒకేసారి యార్డుకు వస్తోంది.

అయితే మనమూ కివీ వేద్దామా?

ఈ ఆలోచన కొందరికి వచ్చే ఉంటుంది. తొందరపడవద్దని మా సలహా. కివీకి శీతాకాలంలో ఏడు డిగ్రీల కంటే తక్కువ చలి వందల గంటల పాటు కావాలి. ఆ చలి లేకపోతే తీగ పెరిగినా పూత సరిగా రాదు. మన దేశంలో 1960లో మొదట బెంగళూరు లాల్‌బాగ్‌లో నాటి చూశారు, కాపు రాలేదు. తర్వాత సిమ్లాలో నాటితే కాచింది. అరుణాచల్ ప్రదేశ్, హిమాచల్ ప్రదేశ్, నాగాలాండ్ వంటి కొండ ప్రాంతాల్లోనే అది నిలిచింది. పైగా ఆడ తీగ, మగ తీగ వేర్వేరు. పందిరి ఖర్చు ఉంది. మన మైదానాల్లో కివీ కాస్తుందని ఎవరైనా మొక్కలు అమ్మజూపితే, ఉద్యాన పరిశోధనా స్థానం శాస్త్రవేత్తలను అడగకుండా ఒక్క రూపాయి ఇవ్వవద్దు.

అరుణాచల్‌లోని జీరో లోయ రైతులూ మన సోదరులే. చౌకగా దిగుమతయ్యే కివీతో వాళ్లు పోటీ పడవలసి వస్తోంది. న్యూజిలాండ్‌తో స్వేచ్ఛా వాణిజ్య చర్చలను 2025 మార్చిలో ప్రభుత్వం మళ్లీ మొదలుపెట్టినప్పుడు కొండ ప్రాంతాల పండ్ల రైతులకు కలిగిన ఆందోళన న్యాయమైనది. అక్కడి రైతుకు వెనుక సంస్థ ఉంది, శీతల గిడ్డంగి ఉంది, చట్టం ఉంది. ఇక్కడి రైతుకు ఇవేవీ సమకూర్చకుండా ఇద్దరినీ ఒకే బరిలోకి దింపడం పోటీ అనిపించుకోదు.

ప్రభుత్వాలను మేం అడిగేది

మధ్యాహ్న భోజనంలో పిల్లలకు గుడ్డు ఇస్తున్నారు. సంతోషం. దానికి తోడు కాపు ఉన్న నెలల్లో వారానికి రెండు మూడు రోజులు జామో బొప్పాయో అరటో పెట్టాలి. అంగన్‌వాడీల్లో గర్భిణులకు, బాలింతలకు, వసతి గృహాల్లో విద్యార్థులకు, ప్రభుత్వ ఆసుపత్రుల్లో రోగులకు కూడా ఇవ్వాలి. ఆ పండ్లను కాంట్రాక్టరు దగ్గర కాకుండా ఆ మండలంలోని రైతు ఉత్పత్తిదారుల సంఘాల దగ్గర ముందుగా ప్రకటించిన ధరకు కొనాలి. ఒక్క నిర్ణయంతో బిడ్డకు పోషణ, రైతుకు నిలకడైన గిరాకీ రెండూ వస్తాయి.

జామ ఎక్కువగా పండే మండలాల్లో గ్రేడింగు షెడ్డు, శీతల గది, గుజ్జు తీసే యూనిట్లు ఏర్పాటు చేయాలి. గిరాకీ తగ్గిన రోజున కాయ పారబోయకుండా గుజ్జు చేసుకునే దారి ఉండాలి. 1999లో మొదలైన రైతు బజార్లలో పండ్ల రైతులకు విడిగా చోటు ఇవ్వాలి. ఏ పండులో ఏముందో జాతీయ పోషకాహార సంస్థ లెక్కలను తెలుగులో పెద్ద అక్షరాలతో అక్కడ బోర్డుల మీద రాయించాలి. యార్డుల్లో పండ్ల మీద తరుగు తీయడాన్ని ఆపించాలి.

మనం చేయవలసింది

ప్రభుత్వం కదిలేదాకా కూర్చోనవసరం లేదు. జామ తోటలున్న గ్రామాల్లో సంఘ శాఖలు సమావేశమై, ఎవరు ఏ నెలలో కొమ్మలు కత్తిరించాలో వంతులు వేసుకోవాలి. అందరి కాపూ ఒకే పక్షంలో రాకుండా చూసుకోవడం మన చేతుల్లో పనే. పది మంది కలిసి కాయను గ్రేడు చేసి, సంఘం పేరుతో ఆసుపత్రుల దగ్గర, బస్టాండ్ల దగ్గర బండి పెట్టండి. బండికి ఒక అట్టముక్క కట్టి, జామలో విటమిన్ సి కివీకి రెండింతలని రాయండి. అబద్ధం ఒక్కటీ రాయవద్దు. జామ ప్లేట్‌లెట్లు పెంచుతుందని గానీ, షుగరు తగ్గిస్తుందని గానీ రాస్తే మనకూ ప్లేట్‌లెట్ల మాట చెప్పి కివీ అమ్మేవాడికీ తేడా ఉండదు. ఉన్న నిజమే మనకు చాలు.

ఇంటి దగ్గర ఒక జామ, ఒక బొప్పాయి, ఒక ఉసిరి, ఒక మునగ నాటండి. తోట ఉన్నవాళ్లు ప్రతి కోతలో మొదటి బుట్ట ఇంటికి పంపండి. ఏరి తీసేసిన కాయ కాదు, మంచి కాయ పంపండి. ముందుగా అది ఇంటి ఆడవాళ్ల చేతికి అందాలి.

ఆ పెద్దాయన మనవరాలు కోలుకుంది. తన తోట కాయలే ఇప్పుడు రోజూ తింటోందని ఆయన చెప్పాడు. కివీ కొన్నందుకు ఆయనను ఎవరూ తప్పుపట్టనవసరం లేదు. బిడ్డ మంచం పట్టినప్పుడు ఏ తాత అయినా అదే చేస్తాడు. తన ట్రేలో ఉన్నదాని విలువ ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెప్పవలసింది మన సంఘమే. వచ్చే నెల శాఖా సమావేశాల్లో ఈ విషయాన్ని ఎజెండాలో పెట్టాలని, మీ మండలంలో జామ ధరలు, తరుగు, కమీషన్ వివరాలు రాసి మాకు పంపాలని కోరుతున్నాం. వాటిని ఒకచోట చేర్చి అధికారుల ముందు పెట్టే బాధ్యత మాది.